గూట్లో నాడె

మగ్గాలు మోగని వీధిలో మధ్యాహ్నం ఎంత పొడుగ్గా ఉంటుందో అంబదాస్‌కు ఈ ఎండాకాలమే తెలిసింది. మార్కండేయ గుడి అరుగు మీద స్తంభానికి వీపు ఆనించి కూర్చున్నాడు, కాళ్లు చాపుకుని, కడుపు మీద తడిగుడ్డ వేసుకుని. తడిగుడ్డ వేసుకుంటే ఆకలి అణుగుతుందని ఎవరో చెప్పారు, ఆ చెప్పిన మహానుభావుడికి ఎన్నడూ ఆకలి వేసి ఉండదు. వెనక గర్భగుడి తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల దేవుడి పాదాల దగ్గర వీధి వీధంతా తెచ్చి పోసిన నాడెలు కుప్పగా పడి ఉన్నాయి, ఒక్కో ఇంటివి ఒక్కో రంగు దారంతో కట్టి. నాడె లేని మగ్గం కర్రల పందిరి. పడుగు పోగుల సందున పేక దారాన్ని ఈ కొస నుంచి ఆ కొసకు మోసేది అదే. అందుకే సమ్మెకు కూర్చున్న రోజు సంఘం అధ్యక్షుడిగా అంబదాస్ సంతకాలూ వేలిముద్రలూ అడగలేదు, ఇళ్లలో ఉన్న నాడెలన్నీ తెచ్చి దేవుడి ముందర పెట్టమన్నాడు. కాగితం మీది మాట ఎవడైనా తప్పుతాడు గాని మార్కండేయుడి పాదాల మీద నుంచి నాడె ఎత్తుకుపోయే పద్మశాలి ఈ ఊళ్లో లేడని అతని ధీమా. అందరికంటే ముందు తన నాడెలే పెట్టాడు. పక్క స్తంభానికి ఒక పార ఆనించి ఉంది, అది కూడా ఆనాడు తెచ్చిందే. మాట తప్పి నేసినవాడి మగ్గం గుంట, కాళ్లు దించుకుని కూర్చునే ఆ గొయ్యి, వీధి జనం కలిసి మన్ను పోసి పూడ్చాలని తీర్మానం. గుంట పూడిన ఇంట్లో మళ్లీ మగ్గం పెట్టరు, ఆ ఇంటితో వియ్యమూ కలుపుకోరు. ఆ పార ఇంతవరకు మట్టి ముట్టలేదు, దాన్ని చూసినప్పుడల్లా అంబదాస్‌కు కొంచెం గర్వంగానే ఉండేది.

ఇవాళ దీపాలు పెట్టే వేళకు సేటు వస్తానన్నాడు. ఈ వీధి నేసేదంతా ఆయన నూలే, ఇచ్చేదంతా ఆయన కూలే. తెలుగువాళ్లందరికీ కలిపి కొత్త రాష్ట్రం వచ్చి ఇది రెండో ఎండాకాలం, బతుకులు మారతాయని అందరూ చెబుతుంటే ముందుగా మారింది చీర కూలి, అదీ కిందికి. బజారులో మిల్లు చీరలు వచ్చి పడ్డాయి, నేనేం చేయను అన్నాడు సేటు. కోసిన కూలి తిరిగి కలపమని సమ్మె. ఇన్నాళ్లూ ఈ వీధి వైపు మొహం తిప్పనివాడు గుడికి వస్తానంటున్నాడంటే ఎంతో కొంత ఇవ్వడానికే. కాని పొద్దున కబురు తెచ్చిన మున్షీ, సేటు లెక్కలు రాసేవాడు, సైకిల్ దిగకుండానే, ఒక కాలు నేల మీద పెట్టి ఒక మాట చేర్చి పోయాడు. "ఒక్క మగ్గం సప్పుడు ఇనవడ్డా సేటు గడప దాటడు. వాళ్లల్ల వాళ్లకే పొత్తు లేదు, నేను పోయి ఎవలతోని మాట్లాడాలె అంటడు." అంటే ఈ ఒక్క పూట వీధి గమ్మున ఉండాలి. ఇన్ని రోజులు ఉన్న వీధి ఒక్క పూట ఉండలేదా అని అంబదాస్ పొద్దుటి నుంచి తనకు తాను చెప్పుకుంటున్నాడు.

నేత వీధిలో పుట్టినవాడికి చప్పుడు లేకపోవడం కీడు. వీధి ఇంత గమ్మున ఉండేది శవం లేచిన పూట మాత్రమే, అప్పుడు కూడా పాడె మలుపు తిరగగానే ఎవరో ఒకరు గుంటలోకి దిగేవాళ్లు, దుఃఖానికి దుఃఖం, కూలికి కూలి. చెవులకు పని లేక అంబదాస్ మోగని మగ్గాలను వింటున్నాడు. కళ్లకు గంతలు కట్టి ఈ వీధిలో నడిపించినా ఎవరింటి ముందు ఉన్నాడో చెప్పేస్తాడు. కొండల్ మగ్గం తొక్కుడు చెక్క బాతులా అరుస్తుంది, నూనె పెట్టరా అంటే పెట్టడు, అది అరవకపోతే తనకు నిద్ర వస్తుందంటాడు. చంద్రవ్వ కొడుకుది తాగినవాడి మగ్గం, పొద్దెక్కే కొద్దీ తూలుతుంది. పర్శరాములుది తొందర మగ్గం, వాడి అన్నం కూడా అంతే, మాట కూడా అంతే. పర్శరాములు ఇంటికీ తన ఇంటికీ నడుమ ఒకటే మట్టిగోడ, ఆ గోడకు అటు వాడి గుంట, ఇటు తన గుంట, వాడు నేస్తుంటే దెబ్బ దెబ్బా తన వీపుకు తెలుస్తుంది. భీవండి మరమగ్గాల నుంచి బావమరిది ఎన్నిసార్లు రమ్మని పిలిచినా, సంఘం ఉన్నది గదా, ఎట్ల వస్త అని ఇక్కడే పడి ఉన్నాడు వాడు. అందరి మగ్గాలూ తెలుసు అంబదాస్‌కు, ఒక్క తనది తప్ప. తన మగ్గం దూరం నుంచి ఎట్లా వినబడుతుందో అతను ఎన్నడూ వినలేదు, మోగినంతసేపూ దాని ముందర కూర్చున్నవాడు తానే కాబట్టి. ఆ సంగతి అతనికి తట్టనే లేదు, తట్టాల్సిన అవసరమూ రాలేదు.

ఎండకు కళ్లు మూతలు పడుతుంటే పోయిన తండ్రి మగ్గం వినిపించింది, బాపు మగ్గం. దబ్, దబ్. కొంచెం ఆగి మళ్లీ దబ్, దబ్. అంబదాస్ పెదవుల మీదికి నవ్వు లాంటిది వచ్చింది. ఆకలిలో ఈ ఒక్క మంచి ఉంది, పోయినవాళ్లను తీసుకొస్తుంది. లోకమంతా పోగుకు ఒక దెబ్బ కొడితే బాపు రెండు కొట్టేవాడు. ఎందుకు బాపూ అంటే, "ఒకటి సేటుకు కొడుకా, ఒకటి కట్టుకునేటోనికి" అనేవాడు. గుడ్డ గట్టిగా వచ్చేది, కూలి మాత్రం ఒక దెబ్బకే. రెండు దెబ్బల తాత అని ఊరంతా నవ్వేది. తాడు లాగితే నాడె దానంతటదే పరుగెత్తే మగ్గాలు వచ్చాక కూడా బాపు చేత్తోనే విసిరేవాడు, ఈ చేతి నుంచి ఆ చేతికి, చేపపిల్లను వదిలినట్టు, నాడె చప్పుడే ఉండేది కాదు, ఆ రెండు దెబ్బలే. వాటి కిందే అంబదాస్ పెరిగాడు. గుంట పక్కన చింకి చాప, గంజి వాసన, తల దగ్గర బాపు మోకాలు, దబ్ దబ్ అంటుంటే నిద్ర, ఆగితే మెలకువ. కన్న అవ్వ పోయిన రాత్రి కూడా బాపు నేశాడు, ఏడవడం రాక. ఆ రాత్రి పిల్లవాడికి నిద్ర పట్టింది, తర్వాత చాలా ఏళ్లు అందుకు సిగ్గుపడ్డాడు.

సోలాపూర్‌లో మిల్లు పనికి ఉన్నప్పుడు నిద్ర పట్టకపోవడానికి కారణం ఆ రెండు దెబ్బలు లేకపోవడమే అయి ఉంటుంది. రజాకార్లు వయసు కుర్రాళ్ల కోసం ఇల్లిల్లూ వెతుకుతున్న రోజుల్లో మంథని దగ్గర గోదావరి దాటి, చాందా మీదుగా రైలెక్కి పోయాడు, కొత్తగా కాపురానికి వచ్చిన అనసూర్యను బాపుకు అప్పజెప్పి. పోలీసు చర్య అయ్యాక అందరూ తిరిగొచ్చారు, అతను రాలేదు, మిల్లు రుచి పట్టుకుంది. వందల మగ్గాలు ఒక్కటే చప్పుడు, ఏది ఎవరిదో దేవుడికి కూడా తెలియదు. అక్కడే నేర్చుకున్నాడు సమ్మె అంటే ఏమిటో. పని వేళకు కూసే భోంగా మోగుతుంది, ఎవరూ లోపలికి పోరు, అంతే. ఒక్కటే గేటు, దాని ముందర నలుగురు గట్టివాళ్లు నిలబడితే చాలు. తిరిగొచ్చి ఇక్కడ సంఘం పెట్టాలనుకున్నప్పుడు అర్థమైంది, ఇక్కడ ప్రతి గడపా ఒక గేటే. ఏ గడప ముందరని నిలబడతావు, లోపల మగ్గం, మగ్గం పక్కన పొయ్యి, పొయ్యి పక్కన పిల్లలు. ఎన్ని రాత్రులు దీని మీదే ఆలోచించాడు. చివరికి నాడెలు దేవుడి దగ్గర పెట్టించాలన్న ఉపాయం తట్టిన రోజు పర్శరాములు అతని భుజం మీద గుద్ది, "నువ్వు సోలాపూర్ పోయినందుకు ఫాయిద ఇయ్యాల దొరికింది" అన్నాడు. ఆ రోజు అన్నం ఎంత రుచిగా ఉంది. అనసూర్య ఏం వండింది ఆ రోజు, గుర్తు రావడం లేదు, గుర్తు తెచ్చుకోవడం కూడా మంచిది కాదు.

దబ్, దబ్. ఇంకా వినిపిస్తోంది. వినిపించనీ. బాపు పోయాడని కార్డు వస్తే వచ్చాడు, వచ్చేసరికి పదోనాడు కూడా అయిపోయింది. బాపు నాడె మగ్గం మీదే, సగం నేసిన చీర పక్కన ఉంది, సగం ఒలికిన కండెతో, కండె అంటే నాడె కడుపులో దారం చుట్టిన పుల్ల. ఆ నాడె బాపు చేతి చెమటకు నల్లగా నున్నగా అయి, నడుమ బొటనవేలు ఆనే చోట పల్లం పడి ఉంది. దాన్ని కడిగి, పసుపు రాసి, దేవుని గూట్లో పెట్టాడు. అప్పటి నుంచి అది నాడె కాదు, బాపు. శుక్రవారం బొట్టు, దసరాకు కొత్త గుడ్డ. సమ్మెకు బయలుదేరిన రోజు కూడా ఆ గూటికి దండం పెట్టి, బాపూ మాట నిలబెట్టు అని మొక్కి, మగ్గం మీది నాడెలు ఒడిలో వేసుకుని గుడికి వచ్చాడు. ఇంట్లో ఉన్న నాడెలన్నీ అని ఊరికి చాటింది అతనే, గూట్లో ఉన్నదాన్ని నాడె అనుకోవాలని మాత్రం అతనికి తోచలేదు. ఎవరికి తోస్తుంది. గూట్లో పెట్టిన తండ్రిని తెచ్చి కుప్పలో ఎవరు వేస్తారు.

ఈగ ఒకటి మోకాలి మీద వాలింది. తోలడానికి కళ్లు తెరిచిన అంబదాస్‌కు ఎదురుగా కొండల్ కనిపించాడు, అరుగు చివర కూర్చుని, రెండు చేతులతో తల పట్టుకుని. వాడి పక్కన ఉన్న ముగ్గురు నేలకేసి చూస్తున్నారు. ఇందాక పులి-మేక ఆడుతున్నారు వాళ్లు, రాళ్లు అలాగే ఉన్నాయి, ఎవరి వంతో ఎవరూ ఆడడం లేదు. దబ్, దబ్ అన్నప్పుడు కొండల్ మెడ కొంచెం లోపలికి పోయింది. మళ్లీ దబ్, దబ్. మళ్లీ ఆ మెడ. తన తలలో మోగే మగ్గానికి వాడి మెడ ఎందుకు వంగాలి అనుకున్నాడు అంబదాస్, అనుకోగానే స్తంభం వదిలి నిటారుగా కూర్చున్నాడు.

"కొండల్. నీకు ఇనవడుతుందారా?"

"ఏంది అన్నా."

"మగ్గం."

కొండల్ తల ఎత్తలేదు. "ఏమో అన్నా. తలుపేదో కొట్టుకుంటున్నట్టున్నది."

గాలి లేదు. గుడి ముందరి వేపాకు కదలడం లేదు. వీధిలో మగ్గం మోగుతోంది, నిజంగా, పట్టపగలు, అందరికీ వినబడేలా. ఎవరిది అన్నాడు, ఒకసారి, రెండోసారి. ఒకడు ఉమ్మేసి వచ్చే నెపంతో లేచి పోయాడు. మిగిలినవాళ్లు అతని మొహం తప్ప అన్నీ చూస్తున్నారు. సిగ్గు, అనుకున్నాడు అంబదాస్, తమలో ఒకడు తప్పినందుకు వీళ్లకు సిగ్గు, పాపం మంచివాళ్లు. చెవి పెట్టి విన్నాడు. బాతు లేదు, కొండల్ ఇక్కడే ఉన్నాడు. తూలడం లేదు. తాడు చప్పుడు లేదు, నాడె పెట్టెకు తగిలే చప్పుడే లేదు, ఇది ఏ మగ్గం, వీధి నడిమి నుంచి వస్తోంది, తన ఇంటి వైపు నుంచి, అంటే పర్శరాములు ఇంటి వైపు నుంచి. లేదు, వాడు కాదు. వాడిది తొందర. ఇది నిదానం. అయినా తెలిసిన చప్పుడే, బాపు పోయాడు గనక ఇంకెవరిదో కావాలి, ఆ ఇంకెవరో నాలుక చివర ఉన్న పేరులా అందడం లేదు. దేవుడి దగ్గర కట్టలన్నీ ఉన్నాయా అని లోపలికి పోయి చూశాడు, ఉన్నాయి, ఎర్ర దారం, పచ్చ దారం, అన్నీ. మరి నాడె ఎక్కడిది. సమ్మె మొదటి రోజు చంద్రవ్వ ముసలమ్మ గుడి మెట్ల కింద నిలబడి, "మమ్ముల అడుగుతలేరేందిరా, మాతోని ఒట్టు పెట్టియ్యరా" అంటే, కండెలు చుట్టేటోళ్లకు ఒట్టెందుకవ్వా అని ఎవడో అన్నాడు, అందరూ నవ్వారు, అతనూ నవ్వాడు. ఇప్పుడది ఎందుకు గుర్తొస్తోందో తెలియక విసుక్కున్నాడు.

అప్పుడు వచ్చాడు పర్శరాములు. ఎండలో చెప్పులు లేకుండా, పరుగు లాంటి ఆ నడకతో, అరుగు ముందరికి వచ్చి ఆగాడు. అందరినీ చూశాడు, చివరికి అంబదాస్‌ను. పెదవులు ఎండి ఉన్నాయి.

"నాదే అన్నా," అన్నాడు. "నా మగ్గమే. దేవుని ముంగట చెప్తున్న. నా గుంట పూడ్సుండ్రి."

అంబదాస్ చెయ్యి ఎప్పుడు లేచిందో అతనికే తెలియదు. దెబ్బ పర్శరాములు చెంప మీద పడ్డ చప్పుడుకు గుళ్లో పావురాలు లేచాయి. వాడు చెంప పట్టుకోలేదు కూడా, అలాగే నిలబడ్డాడు, కళ్లలో నీళ్లు మాత్రం తిరిగాయి. వాడు కాక ఇంకెవడైనా అయితే ఇంత మండేది కాదు. ఒక కంచంలో తిన్నవాడు, నీ సోలాపూర్ చదువు ఫలించిందని భుజం గుద్దినవాడు. తిడుతున్నాడు అంబదాస్, ఏం తిడుతున్నాడో తెలియకుండా తిడుతున్నాడు, లోపల ఎక్కడో ఒక మూల మాత్రం ఊపిరి ఆడింది, ఎవరిదో తెలిసింది, తెలిసింది చాలు అని. అడగవలసిన మాట ఒకటి ఉంది, నువ్వు ఇక్కడ నిలబడితే అక్కడ నేస్తున్నది ఎవరు అని. అది అడగకుండా ఇంకా గట్టిగా తిట్టాడు.

వీధి మొగలో సైకిల్ గంట వినబడింది. మున్షీ. ఎండ వాలగానే చూసిపొమ్మని సేటు పంపి ఉంటాడు. ఒక కాలు నేల మీద ఆనించి, తల కొంచెం వంచి, పాట వినేవాడిలా విన్నాడు కాసేపు. హ్యాండిల్ తిప్పి, వచ్చిన దారినే తొక్కుకుంటూ పోయాడు. ఇన్ని రోజుల పస్తు ఆ సైకిల్ వెనక మలుపు తిరిగి పోవడం అందరూ చూశారు. అంబదాస్ పార తీసుకున్నాడు. ఇంక మిగిలింది మాటే, మాటైనా నిలబడాలి. దిగి నడిచాడు, వెనక కొండల్, కొండల్ వెనక మిగిలినవాళ్లు, పక్కన పర్శరాములు, వద్దు అన్నా జర ఆగు అంటూ. గడపల్లో ఆడవాళ్లు లేచి నిలబడుతున్నారు, అతన్ని చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటున్నారు. చంద్రవ్వ మాత్రం పెట్టుకోలేదు, నేరుగా అతని మొహంలోకి చూసింది.

నడిచిన కొద్దీ చప్పుడు దగ్గరైంది. దబ్, దబ్. నేల కింద నుంచి అరికాళ్లకు వస్తోంది ఇప్పుడు. పర్శరాములు ఇల్లు వచ్చింది. తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల వాడి మగ్గం కనిపించింది, మీద పాత దుప్పటి కప్పి, గుంటలో పిల్లి పడుకుని. వాడి పెళ్లాం గోడ మూలకు నిలబడి ఏడుస్తోంది. దబ్, దబ్. పర్శరాములు ముందుకు వచ్చి పార కర్రను రెండు చేతులా పట్టుకున్నాడు.

"గిక్కడ్నే పూడ్సు అన్నా," అన్నాడు మెల్లగా, తామిద్దరికే వినబడేలా. "నాదే అన్న గద. నాదే పూడ్సు. ఇంక ముంగటికి పోకు."

వీపు వెనక అడుగులు ఆగిపోయాయి. రెండు దెబ్బలు. పోగుకు రెండు. ఈ వీధిలో అట్లా కొట్టింది ఒక్క బాపే, బాపు పోయాడు, పోయే ముందు ఏడాది మంచం దిగలేదు. ఆ మాట అందరూ చెప్పారు అతనికి, ముసలాయన ఏడాది మంచంలోనే ఉన్నాడని, కోడలు కన్నకూతురిలా చూసిందని. మరి మగ్గం మీద సగం చీర ఎక్కడిది. నాడెలో సగం ఒలికిన కండె ఎక్కడిది. ఆ ఏడాది ఆ ఇంట్లో పొయ్యి ఎట్లా వెలిగింది. సోలాపూర్ నుంచి వచ్చిన మొదటి వారం అతను గుంటలోకి దిగుతుంటే అనసూర్య కండెల బుట్టతో నిలబడి, "నాకు నేసుడు వస్తది. మామ నేర్పిండు" అన్నది. అతను నవ్వాడు. ఇంక నీకెందుకు ఆ కష్టం, నేను వచ్చిన గదా అన్నాడు, ఎంతో ప్రేమగానే అన్నాడు. ఆమె మళ్లీ ఆ ఊసు ఎత్తలేదు, ఎన్నేళ్లయినా. కొండల్‌కు తెలుసు. చంద్రవ్వకు తెలుసు. చప్పుడు మొదలైన మొదటి దెబ్బకే వీధి వీధంతటికీ తెలుసు, అతను సోలాపూర్‌లో ఉన్న కాలమంతా విన్నారు గనక. తెలియనిది ఆ చప్పుడులో పుట్టి పెరిగినవాడికే. పార వదిలేశాడు. అది పర్శరాములు చేతుల్లో ఉండిపోయింది.

తన ఇల్లు పది అంగలు కూడా ఉండదు, ఆ దూరం ఎట్లా నడిచాడో. గుడి కాపలా అంటూ ఇంటికి రాక కొన్ని రోజులైంది. లోపల చీకటికి కళ్లు అలవాటు పడ్డాక గూడు కనిపించింది, ఖాళీగా, నడుమ పసుపు మరకతో. అనసూర్య గుంటలో కూర్చుని ఉంది. కుడిచేతి నుంచి ఎడమచేతికి బాపు నాడె వెళ్లింది, చప్పుడు లేకుండా. దబ్, దబ్. ఆమె ఆపలేదు. చాప మీద కూతురు పడుకుని ఉంది, కళ్లు తెరిచే ఉన్నాయి, తండ్రి వచ్చాడని తల తిప్పలేదు.

"పొద్దుగాల సంది పిల్ల ఆకలని కూడ ఏడుస్తలేదు," అన్నది అనసూర్య, పడుగు మీది నుంచి చూపు తిప్పకుండా. "ఏడిస్తే నేను గుంటల దిగుదునా. దీపాల యాల్లకు గీ చీర ఒడగొట్టి ఇస్తే నూకలు ఇస్తనన్నడు మున్షీ."

అంబదాస్ గూడు వైపు చూశాడు.

"మామకు మొక్కే తీసిన," అన్నది.

దేవుడి మీద ఒట్టు పెట్టుకున్నం గదనే అనబోయాడు. ఆమె చెయ్యి అప్పటికి ఆగింది, నాడె ఒళ్లో పెట్టుకుని మొదటిసారి అతన్ని చూసింది. కోపం లేదు ఆ మొహంలో, అలసట మాత్రమే ఉంది. "నాతోని ఎవలు పెట్టిచ్చిండ్రు ఒట్టు," అన్నది. నాడెలోంచి ఒట్టి పుల్ల తీసి బుట్టలో వేసి, బుట్ట తడుముకుని, నిండు కండె దొరకక, "కండెలు ఒడిసినయ్" అన్నది.

ఆ మాట గుంటలో కూర్చున్నవాడు ఇంటి ఆడమనిషితో అనే మాట. ఈ ఇంట్లో ఇన్నేళ్లూ అతను అన్నదే. అనగానే ఆమె లేచి రాట్నం ముందర కూర్చునేది. అంబదాస్ కూతురి నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు. వెచ్చగానే ఉంది, పిల్ల రెప్ప ఆర్పింది. తర్వాత పర్శరాములు ఇంటి గోడకు వీపు పెట్టి రాట్నం ముందర కూర్చున్నాడు. ఎన్నాళ్లయిందో చుట్టి, మొదటి దారం తెగింది, రెండోది నిలిచింది. నిండిన కండె అందిస్తే ఆమె తీసుకుంది. దబ్, దబ్. ఒకటి సేటుకు, ఒకటి కట్టుకునేటోనికి. ఈ చీరకు కూడా రెండు కొడుతోంది అనసూర్య, ఇట్లా నేసే చీరకు కూడా.

వీధిలో గుడి గంట ఒకసారి మోగింది, ఎవరో గర్భగుడిలోకి పోయినట్టు. తర్వాత అడుగులు, ఒక్కొక్కరివే, ఎవరూ ఎవరితో మాట్లాడని అడుగులు. కాసేపటికి బాతు అరిచింది, కొండల్. ఆ తర్వాత ఎగువ వైపు ఒకటి, దిగువ వైపు ఒకటి. చంద్రవ్వ కొడుకుది ఇవాళ తూలడం లేదు, తాగడానికి ఏముందని. అన్నిటినీ గుర్తుపట్టాడు అంబదాస్, ఒకటి కూడా తప్పలేదు. దీపాల వేళకు వీధి వీధంతా మోగుతోంది, సోలాపూర్ మిల్లులో మోగినట్టే. సేటు రేపు కూలి ఇంకా కోస్తాడు. అడిగేవాడు ఉండడు. అడగమని ఎవరికైనా చెప్పే మొహం తనకు ఉండదు. అతని వీపు మాత్రం గోడ అవతలి మగ్గం కోసం చూస్తోంది. వాడిదీ మోగితే బాగుండు, ఆ తొందర మగ్గం, వాడూ అందరిలాగే నేసుకుంటే ఎంత బాగుండు అని, దేవుడినీ బాపునూ కాక ఊరికే ఎవరినో బతిమాలుకున్నాడు.

గోడ అవతల నుంచి దెబ్బ వచ్చింది. మెత్తగా, బరువుగా ఉంది. కాస్త ఆగి ఇంకొకటి వచ్చింది. నాదే అని దేవుడి ముందర చెప్పినవాడు తన గుంటలో తానే మన్ను పోసుకుంటున్నాడు. అనసూర్యకు కూడా వినబడినట్టుంది, చెయ్యి ఒక్క క్షణం ఆగి, మళ్లీ నాడె విసిరింది. అంబదాస్ చక్రం ఆపలేదు. ఆపితే కండె నిండదు, కండె నిండకపోతే చీర ఒడవదు. ఒక్కో పార మన్ను పడుతున్నప్పుడల్లా గోడ అతని వీపును తాకుతుంటే, తల వంచుకుని దారం వదులుతూ కూర్చున్నాడు.